ఆయుధ పూజ నాడు స్టేషన్లో పేలిన తుపాకి

పోలీసు శాఖలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. శిక్షణలో అట్టబొమ్మల మీద కాల్పించినవి పక్కన పెడితే, నా చేత్తో నేను పేల్చిన తూటా ఒక్కటే. అది దొంగ మీద కాదు, కొట్లాట గుంపు మీద కాదు. ఆయుధ పూజ నాడు మధ్యాహ్నం, మా స్టేషన్లోనే, రికార్డులు దాచుకునే ఇనుప బీరువా మీద. ఆ తుపాకి కూడా ప్రభుత్వానిది కాదు.

రిటైరై మూడేళ్లయింది. ఈ మధ్య ఆదోనిలో ఒక పెళ్లికి పోతే, కొత్తగా డ్యూటీలో చేరిన నలుగురు నా పక్కనే కూర్చొని, మామూలు జనం దగ్గర తుపాకులు ఉండొచ్చా, ఉండకూడదా అని వాదించుకున్నారు. ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. చివరికి పెద్దాయన చెప్పాలని నా మీదికి తోశారు. నేను వడ్డన మొదలైందని లేచిపోయాను. ఆ రోజు నోటితో చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. మనుషుల పేర్లూ, సరిగ్గా ఏ ఊరన్నదీ అడగకండి, వాళ్లలో చాలామంది ఇంకా అక్కడే ఉన్నారు.

నేను చాలాకాలం స్టేషన్ రైటర్‌ని. ఎస్సై సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ ముందు రాసేవాడు రైటర్. తుపాకి లైసెన్సు కోసం ఎవరైనా అర్జీ పెట్టుకుంటే, ఆ మనిషి ఎలాంటివాడో నాలుగిళ్లలో అడిగి రిపోర్టు రాసేవాడు కూడా అతనే. అంటే ఎవరి చేతిలో తుపాకి ఉండొచ్చో తేల్చే పని, నిజానికి, హెడ్ కానిస్టేబుల్ కలం దగ్గర మొదలవుతుంది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కొంచెం భయమే.

వాదన రెండు వైపులా నేను బాగానే విన్నాను. ఆదోనిలో పనిచేసినప్పుడు ఒక పత్తి వ్యాపారి ఉండేవాడు. తండ్రి నాటి నుంచి ఇంట్లో తుపాకి ఉంది. ఎన్నికలు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించి, అయిపోయాక తీసుకుపోవాలి కదా, ఆయన ప్రతిసారీ దాన్ని పట్టుగుడ్డలో చుట్టుకొని తెచ్చేవాడు. ఒకసారి నేనే అడిగాను, దీంతో నీకేం పని అని.

“ఇది పేలి ఎన్నేండ్లయిందో నాకే గుర్తులేదప్పా,” అన్నాడు. “మా ఇంట్లో ఉండాదని నలుగురికీ తెలిస్తే సాలు, అదే దాని పని. చెడ్డోడు మీ తావుకొచ్చి లైసెన్సు అడుగుతాడా? వానికి కావాల్సింది యాడ దొరుకుతాదో వానికి తెలుసు. చెట్టుచేమ లేని దారిలో దుడ్లు ఎత్తుకోని వచ్చేది మేము. మీకు ఫోన్ చేసి, మీరొచ్చేలోపల అయ్యేది అయిపోతాది.”

ఆ ఏడు ఆయన రెన్యువల్ కాగితం మీద రెండు మంచి మాటలు ఎక్కువే రాశాను.

నా ఆఖరి పోస్టింగు ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె స్టేషన్లో. అక్కడి ఎస్సై ఇంజనీరింగు చదివి వచ్చినవాడు, నా కొడుకు ఈడు. నన్ను అన్నా అని పిలిచేవాడు. ఆయనది రెండో వైపు. “అన్నా, కోపం అయిదు నిమిషాలుంటుంది. చేతిలో కట్టె ఉంటే ఆ అయిదు నిమిషాల్లో మనిషి అలిసిపోతాడు. తుపాకి ఉంటే అలిసిపోవాల్సిన పనే లేదు,” అనేవాడు. అదీ నిజమే అనిపించేది. నేను ఎవరు చివర మాట్లాడితే వాళ్ల పక్షం.

ఆ స్టేషన్ పరిధిలో, సి.బెళగల్ వైపు ఒక మెట్ట ఊళ్లో, ఏడెకరాల రైతు ఉండేవాడు. నలభై అయిదేళ్లుంటాయి. తండ్రి నుంచి వచ్చిన, మధ్యకు మడిచి తూటా వేసే ఒంటి గొట్టం తుపాకి, పంట కాపలాకని లైసెన్సు. అడవిపందుల్ని చంపడానికి కాదు, చంపితే అటవీ శాఖ వాళ్లు ఊరుకోరు. చేని గట్టు మీద నిలబడి ఒక చప్పుడు చేస్తే మంద అటు పరుగెత్తుతుంది, అంతే. ఎన్నికలప్పుడు అందరితో పాటు అతనూ తెచ్చి అప్పగించాడు.

“తూటాలు?” అని అడిగాను.

“అయిపోయినాయి సామీ.”

ఎన్ని కొన్నాడో లైసెన్సు పుస్తకంలో రాసి ఉంటుంది. పేజీ తిప్పి చూడాలి. వెనక ఇరవై మంది నిలబడి ఉన్నారు, ఎండ మండుతోంది. తిప్పలేదు. ఇది నా మొదటి తప్పు.

ఎన్నికలయ్యాక అందరూ తుపాకులు తీసుకుపోయారు. ఇతని రెన్యువల్ మాత్రం పై ఆఫీసులో ఎక్కడో ఆగింది. అది వచ్చేసరికి దసరా దగ్గరపడింది. వేరుశనగలో కాయ ఊరే కాలం. పందులు దిగేదీ అప్పుడే.

రెన్యువల్ వచ్చిన మరునాడు అతని భార్య ఒక్కతే ఆటోలో వచ్చింది. నా బల్ల ముందు నిలబడి, గొంతు తగ్గించి అంది.

“సామీ, మా ఇంటాయన వచ్చి అడిగితే దాన్ని ఇయ్యొద్దు.”

“ఎందుకమ్మా?”

“ఆయప్ప మనసు బాగలేదు.”

ఆ రైతుకూ అతని తమ్ముడికీ మధ్య బోరు నీళ్ల వంతు మీద పాత తగాదా ఉంది. ఒకసారి స్టేషన్‌దాకా వచ్చి రాజీ అయింది. నాకు వెంటనే అదే తట్టింది. “తమ్ముని మీద కోపంగా ఉన్నాడా?” అని అడిగాను. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. నేను దాన్ని అవుననే తీసుకున్నాను. ముప్పై ఏళ్లుగా ఎవరు ఎవర్ని చంపుతారో అన్న ఆలోచనతోనే బతికినవాడికి వేరే ఆలోచన రాదు.

“ఒక అర్జీ రాసియ్యమ్మా, ఆపేస్తాం.”

“మొగుని మీద అర్జీ ఎట్లా పెడతా సామీ? యాదో ఒకటి సెప్పి పంపిచ్చు. నేనొచ్చినట్ల తెలియనియ్యొద్దు.”

అర్జీ లేకుండా, కాగితాలు సరిగ్గా ఉన్నవాడి తుపాకి ఆపడానికి మాకు హక్కు లేదు. ఎస్సైతో చెప్తే, “నాలుగు రోజులు తిప్పు అన్నా, ఈలోగా తమ్ముణ్ని పిలిచి మాట్లాడదాం,” అన్నాడు. పిలిచాం. తమ్ముడు వచ్చి అయోమయంగా చూశాడు. “మా యన్ననా? నన్నా? మా ఇద్దరికీ గొడవ యాడిది సామీ? ఆయప్ప ఈ మధ్యన ఎవురితోనూ మాట్లాడనే మాట్లాడడు,” అన్నాడు. నేను ఎస్సై వైపు చూసి కన్ను గీటాను, దాస్తున్నాడని. అన్నతో గొడవ పెట్టుకోనని కాగితం మీద సంతకం చేయించుకొని పంపించాం. ఆ మనిషి చెప్పిన ఆఖరి మాట మా ఇద్దరిలో ఎవరికీ ఎక్కలేదు.

రైతు రోజూ పొద్దున్నే పాత టీవీఎస్ మీద వచ్చేవాడు. నేను రోజుకొక అబద్ధం చెప్పేవాణ్ని. ఎస్సై లేడు. ఆయుధాల గది తాళం సర్కిల్ ఆఫీసులో ఉంది. రిజిస్టరు కర్నూలు పోయింది. అతను వాదించేవాడు కాదు. “సరే సామీ,” అని కొంచెంసేపు నిలబడి వెళ్లిపోయేవాడు. ఒకరోజు పందులు తవ్వి పోసిన వేరుశనగ చెట్లు, వాళ్ల మాటలో బుడ్డలు, ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లేత కాయలు, పాలు కారుతున్నాయి. “మడికి మడి ఇట్లనే చేసినాయి సామీ. బుడ్డలు ఇంగ పది దినాల్లో పీకేవి,” అన్నాడు.

ఆ రోజుల్లో ఫోన్ మోగితే, ఆ ఊరి వైపు నుంచేమోనని నేనే ముందు ఎత్తేవాణ్ని. ఇస్తే తమ్ముడి ప్రాణం. ఇవ్వకపోతే కష్టపడిన పంట నా అబద్ధాల వల్ల పందుల పాలు. తొమ్మిదో రోజు అతని ముఖం చూడలేక చెప్పేశాను, “పండగ అయిపోనీయప్పా. విజయదశమి మరునాడు వచ్చి తీసుకుపో.”

“ఖాయమేనా సామీ?”

“ఖాయం.”

సంతోషపడతాడనుకున్నాను. మళ్లీ ఒకసారి ఖాయమేనా అని అడిగాడు. తర్వాత, “ఏటా ఆయుధ పూజకు దానికి కుంకుమ పెడతాం. ఈతూరి ఈడికే వచ్చి పెట్టుకోని పోతా,” అన్నాడు. తొమ్మిది రోజులు తిప్పించుకున్నవాడికి ఆ మాత్రం కాదనలేకపోయాను. ఇది రెండో తప్పు.

మా స్టేషన్లో ఆయుధ పూజ బాగా చేసేవాళ్లం. తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద తుపాకులు, లాఠీలు, వాకీటాకీలు, ఆఖరికి నా స్టేప్లర్ కూడా. బంతిపూలు, నిమ్మకాయలు, గుగ్గిళ్లు. అతను తలస్నానం చేసి, కొత్త తువ్వాలు భుజాన వేసుకొని వచ్చాడు. అతని తుపాకి తెచ్చి బల్ల చివర పెట్టించాను. మడత విప్పి గొట్టం లోపల తుడిచాడు, మూశాడు, కుంకుమ పెట్టాడు. నేను కొంతసేపు చూశాను. ఇంతలో గేటు దగ్గర గుమ్మడికాయ కొట్టడానికి పిలిస్తే అటు పోయాను. తిరిగి వచ్చేసరికి చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. “అయిపోయింది సామీ,” అని, గుగ్గిళ్లు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు.

మా వైపు ఖాళీ కుండకు, ఖాళీ గంపకు పూజ చెయ్యరు. లోపల పిడికెడు గింజలైనా పోస్తారు. తుపాకి ఉన్న ఇళ్లలో కూడా అంతే. ఒక తూటా వేసి, పూజ చేసి, తర్వాత పొలానికి పోయి ఆకాశంలోకి కాల్చేస్తారు. ఆ సీమలోనే పుట్టి పెరిగినవాణ్ని, ఈ సంగతి నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు.

పూజయ్యాక సిబ్బంది ఇళ్లవాళ్లు వచ్చారు. ఫోటోలు దిగారు. ఒక కానిస్టేబుల్ భార్య ఆ తుపాకినే ఎత్తి మొగుడి వైపు గురిపెట్టి నిలబడితే, ఇంకొకరు ఫోన్లో తీశారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం మూడు గంటలకు అందరూ పోయాక అన్నీ లోపల సర్దాను. మడత విప్పి మూసిన తుపాకిలో స్ప్రింగు బిగుసుకొని ఉంటుంది. అలాగే పెట్టేస్తే పాడవుతుందని ట్రిగ్గర్ ఒకసారి నొక్కి వదలడం మా అలవాటు. నొక్కే ముందు విప్పి లోపల చూడాలి. కొత్తగా వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి పాఠం అదే. నేను చూడలేదు. గొట్టం బీరువా వైపు పెట్టి నొక్కాను.

చప్పుడు ఎలా ఉందో చెప్పలేను, ఎందుకంటే ఆ తర్వాత చాలాసేపు నాకేమీ వినబడలేదు. బీరువా తలుపు జల్లెడలా అయింది. గోడ సున్నం రాలింది. తుపాకి మీదున్న కుంకుమ అంతా నా చొక్కా మీద పడింది. సెంట్రీలో ఉన్న మహిళా కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చి, అది రక్తమనుకొని నన్ను పట్టుకొని కూర్చోబెట్టింది. నాకు దెబ్బ తగల్లేదని అర్థమయ్యాక ఆమె కూడా నా పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. నాకు మాత్రం ఆ ఫోటో కళ్ల ముందు ఆడింది. ఇప్పటికీ ఆడుతుంది.

ఎస్సై వచ్చాడు. బీరువా చూశాడు, నన్ను చూశాడు, చాలాసేపు అటూ ఇటూ తిరిగాడు. చివరికి అన్నాడు, “అన్నా, ఎన్నికలప్పుడు అప్పగించిన నాడే లోపల తూటా ఉందని రాద్దాం. అతను దాచాడని. లైసెన్సు పోతుంది, తమ్ముడు బతికిపోతాడు, ఆమె కోరుకున్నదీ అదే. నీకు సర్వీసు ఇంకెంత ఉందని?”

అబద్ధం ఎందుకు, ఆ మాట నాకు నచ్చింది. అందరికీ మంచిదే అనిపించింది. అక్కడే కూర్చొని రైతు చెప్పినట్టుగా వాంగ్మూలం రాశాను. అక్షరాలు వంకర పోకుండా చాలా జాగ్రత్తగా రాశాను. ఇక అతని సంతకమే కావాలి.

మరునాడు విజయదశమి. పొద్దున్నే బండి మీద ఆ ఊరికి పోయాను. అతను ఇంటి ముందు బండ మీద కూర్చొని ఉన్నాడు. కాగితం చదివి వినిపించాను. తప్పించుకోవడానికి ప్రయత్నిస్తాడు, అరుస్తాడు, బతిమాలుతాడు అనుకున్నాను.

“అప్పుడు లేదు సామీ,” అన్నాడు నెమ్మదిగా. “నిన్న నేనే ఏసినా. ఒట్టి దానికి పూజ చెయ్యరాదు గదా.”

“ఏస్తే ఏసినావు. పూజ అయినాక తియ్యాల కదప్పా? నిన్న ఎంతమంది ఎత్తినారో తెలుసా దాన్ని? ఎందుకు తియ్యలేదు?”

భార్య గడపలోకి వచ్చింది.

“తూటానా? యాడిది?” అంది. “ఎండాకాలంలోనే అన్నీ ఏరుకోని పోయి బాయిలో పడేసినా గదా నేను.”

“ఒకటి నా తావ ఉండె,” అన్నాడు.

“యాడ?”

అతను చొక్కా లోపలి జేబు మీద చెయ్యి పెట్టాడు. ఆమె ద్వారబంధం పట్టుకొని గడపలోనే కూర్చుంది. ఎండాకాలం నుంచి దసరా దాకా ఆ తూటా అక్కడే ఉంది. పొలానికి పోయినా, నిద్రపోయినా, నా బల్ల ముందు నిలబడి సరే సామీ అన్నప్పుడు కూడా.

“తమ్ముని మీదనా అప్పా?” అని అడిగాను. నా నోట్లోంచి ఇంకా అదే వచ్చింది.

జవాబు ఆమె చెప్పింది. “తమ్ముడా? మీరు అట్ల అనుకుంటిరా సామీ? ఆయప్ప ఎవుర్నీ ఏమీ అనడు. అదే నా బాధ.”

అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆమె ఆ రోజు నేల చూపులు చూసింది మరిది సంగతి దాచడానికి కాదు. మొగుడు బతకాలనుకోవడం లేదన్న మాట పోలీసు స్టేషన్లో నిలబడి నోటితో అనలేక.

“తీసి జేబులో ఏసుకుంటే మల్లా నాతోనే ఇంటికి వస్తాది గదా సామీ,” అన్నాడు అతను, నా ముఖం చూడకుండా. “మీ తావే ఇడ్సిపెట్టినా. మీరు పోలీసోళ్లు, సూసుకుంటారనుకున్యా.”

ముప్పై నాలుగేళ్లలో ఎవరూ నన్ను అంత గట్టిగా కొట్టలేదు.

తర్వాత జరిగింది చెప్తాను. రాసుకుపోయిన కాగితం మడిచి జేబులో పెట్టుకొని, జరిగింది జరిగినట్టు వేరే రాసిచ్చాను. నాకు ఛార్జి మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు పోయింది. ఎస్సైకి కూడా సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఆయన రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు టీ తెప్పించి, “మంచిపని చేశావన్నా,” అని మాత్రం అన్నాడు. లైసెన్సు రద్దయింది. రైతును ఆదోనిలో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది, నెలనెలా మందులకు వెంట పోయింది, మేము సంతకం చేయించుకొని పంపిన ఆ తమ్ముడే. ఇంకో సంగతి కూడా రాయాలి. ఆ ఏడు అతని పంటలో సగం పందులే తిన్నాయి. తుపాకి ఉంటే ఆ సగం మిగిలేది. వ్యాపారి వాదన అబద్ధం కాదు. ఎస్సై వాదన కూడా అబద్ధం కాదు. కానీ వాళ్లిద్దరూ, వాళ్ల మధ్యలో నేనూ, తుపాకి అనగానే ఇద్దరు మనుషుల్ని ఊహించుకున్నాం, ఒకడు ఇటు, ఒకడు అటు. తుపాకి పట్టుకున్నవాడూ, దాని ముందున్నవాడూ ఒక్కడే అయ్యే ఇల్లు మాకు తట్టలేదు.

కాబట్టి, రేపు కొత్తగా చేరిన మీలో ఎవరైనా ఆ రిపోర్టు రాసేటప్పుడు, శత్రువులెవరు, ఏ పార్టీ, పాత కేసులేమున్నాయని ఫారంలో ఉన్నవన్నీ అడగండి. మతిస్థిమితం బాగుందని డాక్టరు సంతకం ఒకటి జతచేసి ఉంటుంది, దాన్ని చూసి ఊరుకోకండి. ఇంట్లోకి పోయి కూర్చోండి. అతను ఎలా ఉన్నాడని అతని భార్యను అడగండి. ఆమె మాట్లాడకపోతే ఆ మౌనానికి మీరు అర్థం రాయకండి, మళ్లీ అడగండి. నేను మళ్లీ అడగలేదు.

ఆ పొద్దు ఆ ఇంట్లోంచి బయల్దేరే ముందు, నాకు అర్థంకాని సంగతి ఒకటి అడిగాను. “అది ఇంటికి రావద్దనుకున్నవాడివి, రోజూ అంత దూరం వచ్చి తుపాకి ఎందుకు అడిగినావప్పా?”

“అడగకుండా ఉండలేకపోతి సామీ. నువ్వు రోజూ లేదంటివి. లేదన్నప్పుడల్లా బండెక్కి ఇంటికొస్తాంటే, ఈ పొద్దుకు ఇంగ పర్వాలేదనిపిస్తాండె. తెల్లారితే మల్లా వస్తాంటి. మొన్న నువ్వు ఖాయం అంటివి. అప్పుడు భయమైంది.”

ఎనిమిది రోజులు నేను సిగ్గుపడుతూ చెప్పిన అబద్ధాలు అతన్ని కాపాడాయి. జాలిపడి చెప్పిన ఒక్క నిజం అతన్ని గట్టు చివరికి తెచ్చింది.

భార్య గడపలోంచి లేచి కళ్లు తుడుచుకుంది. “ఇంగ ఇయ్యరు గదా సామీ?”

“ఇయ్యమమ్మా,” అన్నాను. “ఎప్పటికీ ఇయ్యము.”

అతను ఆ మాట విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి భార్య వైపు తిరిగి, “ఆకలైతాంది, ఏమన్నా పెట్టు,” అన్నాడు.